బిళ్ల లేని మెడ

"గడప దాటకు! చెప్తున్న, కాలు లోపల పెట్టకు!"

శాంతాబాయి అరుపు మెట్లు దిగి, కింద గిన్నెల దుకాణం దాటి, నాందేడ్ బజారు దాకా వినబడే ఉంటుంది. ప్రాజక్త ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపింది.

చచ్చిపోయిందనుకున్న కూతురు మూడేళ్లకు ఇల్లు చేరితే ఏ తల్లయినా ఎదురొచ్చి కావలించుకుంటుందని లోకం అనుకుంటుంది. లోకానికేం, అది అన్నీ అనుకుంటుంది. ఈ తల్లి మాత్రం ఒక చేత్తో పసుపునీళ్ల చెంబు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని గడపకు అడ్డంగా నిలబడింది. ఫోన్లో దిగంబర్ పంతులు.

"అవ్ పంతులూ, మా పెద్దదే. బతికే ఉన్నది. ఎదురుంగనే నిలబడ్డది. కర్మలు అయినయి కద, మీరే చేయించిండ్రు. శవం దొరకలేదని దర్భలతోటి బొమ్మ చేసి గోదావరి ఒడ్డుకు కాల్చినం కద... ఆఁ... ఆఁ... సరే, గట్లనే చేస్త."

ఫోను బొడ్లో దోపుకుంది.

"ఏమంటుండు?" అని అడిగింది ప్రాజక్త.

"కర్మలైన మనిషి ఇంట్ల అడుగు పెట్టాల్నంటే మల్ల పుట్టాలెనట. తానం చేయించి, పురుడు చేసి, కొత్తగ పేరు పెట్టి, అప్పుడు లోపలికి తేవాలెనట. ఆయన బాసర్ల ఉన్నడు. అచ్చేటందుకు రెండు దినాలైతదట."

"అందాక నేనేడ ఉండాలె?"

"గీడనే కూసో. మెట్ల మీద."

శాంతాబాయికి ఆచారమంటే ప్రాణం. పిల్లి ఎదురొస్తే వచ్చిన బస్సు వదిలేసుకుంటుంది. తుమ్మితే కూర్చుని నీళ్లు తాగి లేస్తుంది. ఆ సంగతి ప్రాజక్తకు పుట్టినప్పటి నుంచీ తెలుసు కాబట్టి నోరెత్తకుండా పై మెట్టు మీద కూర్చుంది. దవాఖానలో అతికించిన నడుము సన్నగా సలిపింది.

ఎదురు మేడ మీద బట్టలారేస్తున్న విమలాబాయి చేతిలో చీర చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"అగ బాయీ! శాంతాబాయి, తీ ప్రాజక్తా నా?" అని మరాఠీలో కేకేసింది, ఆ పిల్ల ప్రాజక్త కాదూ అని.

"నాహీ హో!" అంది శాంతాబాయి తడుముకోకుండా. "పాహుణీ ఆహే. గావాకడచీ."

కాదట. చుట్టమట. ఊరి వైపు నుంచి వచ్చిన మనిషట. ప్రాజక్త తల్లి ముఖంలోకి చూసింది. అబద్ధమాడినప్పుడు ఉండాల్సిన తొట్రుపాటు అందులో కనబడలేదు.

"బాపు ఏడి?"

"మర్ఖేల్ పోయిండు. మీ మేనత్త యమునాబాయి మనుమనికి పుట్టెంటికలు తీస్తుండ్రు. పొద్దుగూకే యాళ్లకు అస్తడు."

"ఫోన్ చేసినవా?"

"చేసిన. ఎత్తుతలేడు."

"మల్ల చెయ్యి."

"ఆయన గుండె ముందుగాలటి లెక్క లేదు. నువ్వు బతికున్నవని ఒక్కపారే చెప్తే ఆగుతదా?"

చేశానంటుంది, చెప్పకూడదంటుంది. రెంటిలో ఏది నమ్మాలో ప్రాజక్తకు తెలియలేదు. లోపలి గదిలోంచి పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది. ప్రాజక్త వచ్చినప్పటి నుంచీ ఆ గదికి గడియ. గడియ వెనక చెల్లెలు కోమల్. ప్రాజక్త మొగుడు నందకిషోర్ ఇప్పుడు కోమల్ మొగుడు. ఆ పసిపిల్ల వాళ్ల బిడ్డ. ఈ ముక్క మెట్లెక్కకముందే, కింద దుకాణం దగ్గరే చెవిన పడింది.

మూడేళ్ల కిందట వానాకాలంలో ప్రాజక్త, నందకిషోర్, కోమల్ ముగ్గురూ కలిసే ఇస్లాపూర్ దగ్గరి జలపాతం చూడబోయారు. ప్రాజక్త అంచున నిలబడి పొగలా లేస్తున్న నీటిని చూస్తోంది. వీపు మీద ఒక చెయ్యి పడింది. అంతే గుర్తు. ఆ చెయ్యి ఎవరిదో చూసే వ్యవధి ఆమెకు దొరకలేదు. ఏటి దిగువన చేపలవాళ్లు బయటికి లాగారు. ఆదిలాబాద్ దవాఖానలో తన పేరు గుర్తు రావడానికి నెలలు పట్టింది, తిన్నగా నడవడానికి ఏళ్లు పట్టింది. ఇన్నాళ్లూ ఇంటికి రాకపోవడానికి నడుమొక్కటే కారణం కాదు. వస్తే ఆ చెయ్యి గల మనిషి ఇంట్లోనే ఉంటుందని తెలుసు.

ఆ చెయ్యి ఎవరిది? ఈ ఇంట్లో తను ఎవరిని నమ్మి కళ్లు మూసుకోవచ్చు? అది తెలుసుకోవడానికే వచ్చింది.

* * *

దుకాణం షట్టరు సగానికి దించి నందకిషోర్ పైకి వచ్చాడు. పొద్దున ఆమెను చూసి కూలబడి ఏడ్చినవాడు ఇప్పుడు ముఖం కడుక్కుని, రెండు గ్లాసుల్లో చాయ్ పట్టుకుని వచ్చాడు. వచ్చి నేరుగా ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"అల్లుడా! అంటుకోకు," అంది శాంతాబాయి లోపలి నుంచి.

"ఈమె పక్కన కూసునుడు పాపమైతే, గా పాపం నాకే తగలనియ్యి అత్తా."

ప్రాజక్త కళ్లలో నీళ్లు తిరిగాయి. పొద్దున్నుంచీ తనను మనిషిలా చూసినవాడు ఇతనొక్కడే. చాయ్‌లో అల్లం ఎక్కువ, చక్కెర తక్కువ. ఆమె ఎలా తాగుతుందో అతను మర్చిపోలేదు. కోపం రావాలి. చెల్లెలి మెడలో పుస్తె కట్టినవాడి మీద కోపం కాకపోతే ఏం రావాలి? కాని పెళ్లైన కొత్తలో దుకాణం మూసి, మేడ మీద ఇద్దరూ ఒకే గ్లాసులో చాయ్ తాగిన సాయంత్రాలు గుర్తొచ్చాయి. మనసు చెప్పిన మాట వినదు కదా.

"నన్ను యాది జేసుకున్నవా ఎన్నడన్న?" అని అడిగింది.

"యాది లేంది ఎన్నడు? కోమల్‌ని నేను అడిగి చేసుకోలే ప్రాజక్తా. కొడుకులు లేని ఇల్లు, దుకాణం ఎవరు చూస్తరని మీ అమ్మనే కట్టబెట్టింది. నా పానం నీతోనే పోయింది."

చల్లటి చెయ్యి ఆమె చేతి మీద వేశాడు. ఆమె తీసేయలేదు.

"ఇను. మామ అచ్చే యాళ్లకు నువ్వీడ ఉండొద్దు. ఆయన తట్టుకోడు. ముద్‌ఖేడ్ల మా పెద్దమ్మ ఇంట్ల రెండు దినాలుండు. పంతులు అచ్చినంక నేనే తోల్కొస్త. మామకు నిమ్మళంగ చెప్త."

"నాకొక్కటి చెప్పు. ఆ దినం నా ఎనుక ఎవరున్నరు?"

నందకిషోర్ మూసి ఉన్న కోమల్ గది వైపు చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

"నాకెర్కే. గిప్పుడు అడగకు. ముద్‌ఖేడ్ పోయినంక చెప్త. అందాక కోమల్ తోటి మాత్రం మాట్లాడకు. నేను పోయి బండి తెస్త."

అతను మెట్లు దిగిపోయాడు. ప్రాజక్త ఆ మూసిన తలుపు వైపే చూస్తూ కూర్చుంది. చిన్నప్పుడు ఆ గదిలోనే అక్కచెల్లెళ్లు ఒకే దుప్పటి కప్పుకుని పడుకునేవారు. కోమల్‌కు చీకటంటే భయం. అక్క కొంగు చుట్టుకుని గాని నిద్రపోయేది కాదు. ఆ పిల్ల నన్ను నీళ్లలోకి తోస్తుందా? నా మొగుడి కోసమా?

చాయ్ చల్లారిపోయింది.

* * *

మధ్యాహ్నం శాంతాబాయి పళ్లెంలో జొన్నరొట్టె, వంకాయకూర పెట్టి గడప మీదుగా ఇవతలికి జరిపింది. తను ఇంకో పళ్లెం పెట్టుకుని గడపకు అవతల పీట వేసుకుని కూర్చుంది. తినేముందు మెడలోంచి నల్లదారం పైకి లాగింది. దారానికి గోరంత వెండిబిళ్ల, దాని మీద ఆడమనిషి బొమ్మ. రొట్టెముక్క తుంచి బిళ్లకు తాకించి పక్కన పెట్టింది.

ప్రాజక్తకు ఇది కొత్త కాదు. శాంతాబాయి ప్రాజక్త తండ్రి వెంకట్రాములుకు రెండో భార్య. మొదటావిడ పిల్లలు పుట్టకముందే జ్వరమొచ్చి పోయింది. రెండోదై వచ్చిన ఆడది చచ్చిపోయిన సవతి పేరున బిళ్ల చేయించుకుని పుస్తెలతో పాటు మెడలో వేసుకోవాలి. పండక్కి పసుపుకుంకుమ, రోజూ మొదటి ముద్ద ఆ బిళ్లకే. "చచ్చిన సవతి కడుపు నిండితేనే బతికినదాని పుస్తె నిలుస్తది," అని శాంతాబాయి వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. కూతుళ్లు నవ్వితే నెత్తి మీద మొట్టేది.

అప్పుడే లోపలి గడియ తీసిన చప్పుడైంది. పిల్ల ఏడుపాపక పాలకోసం కోమల్ బయటికి రాక తప్పలేదు. చంకలో బిడ్డ, ఏడ్చి ఉబ్బిన కళ్లు. అక్క వైపు చూడకుండా పొయ్యి దగ్గరికి నడిచి, కింది అర నుంచి గిన్నె తీయడానికి వంగింది. మెడలోవన్నీ ముందుకు జారాయి.

రెండు పుస్తెలు. నల్లపూసలు. అంతే.

ప్రాజక్త తుంచిన రొట్టెముక్క పళ్లెంలో పెట్టేసింది.

"కోమల్, నా బిళ్ల ఏది?"

కోమల్ ఉలిక్కిపడింది. "ఏం బిళ్ల అక్కా?"

"నేను చచ్చిన్ననే కద ఆయన్ని చేసుకున్నవు. నా పేరున బిళ్ల కట్టుకోవాలె గద."

"అమ్మనే వద్దన్నది. గిప్పటి పిల్లలకు గవన్ని ఎందుకన్నది."

"ఎవరన్నరు?"

"అమ్మ."

పిల్లి ఎదురొస్తే బస్సు వదిలేసే అమ్మ. ఇప్పుడే రొట్టెముక్క బిళ్లకు తాకించి పక్కన పెట్టిన అమ్మ. చిన్నకూతురిని రెండో పెళ్లివాడికి ఇస్తూ, ఆమె పుస్తె నిలవడానికి కావాల్సిన ఒక్క బిళ్లా వద్దందట!

శాంతాబాయి పళ్లెంలో చెయ్యి కడిగేసింది. లేవబోయింది.

"కూసో అమ్మా," అంది ప్రాజక్త. గొంతు పెంచలేదు. "బతికున్న ఆడదాని పేరున బిళ్ల కడితే ఏమైతది? నువ్వే చెప్పేదానివి. మల్లొకపారి చెప్పు."

శాంతాబాయి కొంగుతో చేతులు తుడుచుకుంది. జవాబు ప్రాజక్తే చెప్పింది.

"కట్టినదాని పసుపుకుంకుమ పోతది. గట్లనే అనేదానివి గద? దర్భబొమ్మ కాల్చిననాడు నేను చచ్చిన్ననే అనుకున్నరు. దానికి నేనేం అనను. కోమల్ పెండ్లినాటికి నీకెర్కే. నేను బతికున్నట్టు నీకెర్కే!"

పొయ్యి మీద పాలు పొంగి చుయ్యిమన్నాయి. కోమల్ మంట తగ్గించలేదు. పొంగిన పాలు గట్టు మీదికి పారుతుంటే అలాగే చూస్తోంది.

"అమ్మా," అంది కోమల్ మెల్లగా. "నిజమా?"

"ఫోన్ అచ్చింది," అంది శాంతాబాయి చివరికి. కళ్లు నేల మీదే ఉన్నాయి. "ఆదిలాబాద్ దవాఖాన నుంచి. ఎవరో నర్సు. 'ఒక పిల్ల ఉన్నది, నాందేడ్ అంటది, గిన్నెల దుకాణం అంటది, శాంతాబాయి అంటది, మీ పిల్లనేనా' అని అడిగింది."

ఆ నర్సు ప్రాజక్తకు గుర్తుంది. మంచం పక్కన కూర్చుని, "వాళ్లు మాకట్లాంటి పిల్ల లేదన్నరమ్మా," అని చెప్పింది. నంబరు తప్పు పడి ఉంటుందనుకుంది ప్రాజక్త. సగం చచ్చిన బుర్ర, ఏ అంకె తప్పు చెప్పానో అని తన్ను తానే తిట్టుకుంది. అప్పటి నుంచి ఎన్ని రాత్రులు ఆ అంకెలు అటూ ఇటూ మార్చి చూసుకుందో! అంకెలేవీ తప్పు కాలేదు.

"నువ్వే మాట్లాడినవా? నీ నోటితోనే అన్నవా?"

"అన్న."

"ఎట్ల ఒప్పింది అమ్మా నీ పానం?"

శాంతాబాయి భోరుమంది. పొద్దున్నుంచీ బిగపట్టినదంతా ఒక్కసారి తెగింది.

"ఏం చెయ్యమంటవే? నువ్వొస్తే నోరిప్పుతవు. నోరిప్పితే అది జేలుకు పోతది. ఇద్దరు బిడ్డలు నాకు. ఒకదాన్ని ఏరు తిన్నది, రెండోదాన్ని జేలు తినాల్నా? చిన్నది, తెల్వక చేసింది. కండ్లు మూసుకపోయి ఎనుక నుంచి నూకింది. దాన్ని మాఫ్ చెయ్యి బిడ్డా, నీ కాళ్లు మొక్కుత."

"ఎవరు నూకింది?"

"నీకు తెల్వదా ఏంది? కోమల్..."

"నేను ఎనుకకు చూడలే అమ్మా," అంది ప్రాజక్త. "ఎవరి చెయ్యో నాకు గీ దినం దాక తెల్వదు."

శాంతాబాయి చప్పున కోమల్ వైపు తిరిగింది.

కోమల్ చంకలో బిడ్డను గట్టిగా అదుముకుంది. ఊపిరాడక పసిది మళ్లీ ఏడుపు ఎత్తుకుంది.

"నేనా? నేను నూకిన్నా? అక్కను?" కోమల్ గొంతు కీచుమంది. "నేను ఆడ లేనే లేనమ్మా! ఆయనే పంపిండు, మక్కకంకులు తెమ్మని. కాల్పిచ్చుకొని నేను అచ్చేసరికి ఆయనొక్కడే నిలబడి మొత్తుకుంటుండు. కాలు జారింది, కాలు జారింది అని. కంకులు ఆడనే పారేసి ఉరికిన. నీకెవరు చెప్పిండ్రు నేను నూకిన్నని?"

"అల్లుడు చెప్పిండు," అంది శాంతాబాయి. మాట నూతిలోంచి వచ్చినట్టుంది. "కండ్లార చూసిన్నన్నడు. పోలీసులకు చెప్పను, కడుపుల దాసుకుంట, కోమల్‌ని నాకే ఇయ్యమన్నడు."

"మరి నన్నొక్క మాట అడుగకపోతివి?"

"ఎట్ల అడుగుతనే? అడిగితే నువ్వు అవ్‌నంటే, నేనెట్ల బతుకుదు?"

ఒక్క మాట. తల్లి కూతుర్ని అడగాల్సిన ఒక్క మాట. ఆ ఒక్క మాట అడగడానికి భయపడి శాంతాబాయి పెద్దకూతురిని ఏట్లో వదిలేసింది, చిన్నకూతురిని హంతకుడి మంచమెక్కించింది. పైగా ఆచారం తప్పకూడదని బిళ్ల మానేసింది! ప్రాజక్తకు ఏడుపు రాలేదు. ఇందాక ఆ చల్లటి చెయ్యి పెట్టిన చోట చర్మం జలదరించింది. చీర కుచ్చెళ్లకేసి ఆ చేతిని పదే పదే తుడుచుకుంది.

"పోలీసు స్టేషనుకు పోదాం," అంది కోమల్. "గిప్పుడే పోదాం అక్కా. బాపుకు ఫోన్ చేద్దాం. అమ్మ పొద్దటి సంది ఒక్కపారి సుత చెయ్యలే. నేను లోపల్నుంచి ఇంటనే ఉన్న."

"పోయి ఏం చెప్తవే?" శాంతాబాయి చప్పున లేచి ఆమె రెక్క పట్టుకుంది. ఏడుపు ఆగిపోయింది. ఇప్పుడు ఆ కళ్లలో వేరే లెక్కేదో తిరుగుతోంది. "నీ మొగుడు ఖూనీ చెయ్యబోయిండని చెప్తవా? అక్క బతికున్నదంటే నీ పెండ్లి పెండ్లే కాదు. రేపు ఊర్ల నువ్వెవరివి? ఈ పసిదాన్ని ఎవరి బిడ్డ అంటరు? విమలాబాయి అసొంటోళ్ల నోర్లు మూపిస్తవా? ఈమెకైతే అయ్యేదేందో అయిపోయింది. కర్మలు సుత అయినయి. నీకింక బతుకంత ముంగటనే ఉన్నది."

ఈమె. కన్నకూతురు, కూతవేటు దూరం కూడా లేదు, మెట్టు మీద కూర్చుని ఉంది. ఈమెట!

"పొద్దున చుట్టమంటివి," అంది ప్రాజక్త. "గిప్పుడు గదన్న అంటలేవు."

"నా బాధ నీకు తెల్వదు బిడ్డా."

"నాకు తెల్వాల్సింది ఒక్కటే. కోమల్ చెప్పింది విన్నవు. నేను చెప్పింది విన్నవు. నన్ను ఏట్ల నూకింది ఎవరో గిప్పటికన్న నమ్మినవా, లేదా?"

శాంతాబాయి జవాబు చెప్పేలోపే కింద బండి ఆగింది. హారన్ రెండుసార్లు మోగింది. నందకిషోర్ గొంతు మెట్ల మీదుగా పైకి తేలివచ్చింది, తేనె పూసినంత మెత్తగా.

"ప్రాజక్తా! బండి తెచ్చిన. దిగు. మామ అచ్చే యాళ్లయితున్నది."

కోమల్ బిడ్డ నోటి మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. ప్రాజక్త తల్లి కళ్లలోకే చూస్తోంది. దిగితే ముద్‌ఖేడ్ దాకా తను చేరదని ఆమెకు తెలుసు. తల్లికీ తెలుసు. ఇప్పుడు తల్లి ఒక్క మాట అంటే చాలు. లోపలికి రా అంటే చాలు.

శాంతాబాయి కొంగుతో ముఖం తుడుచుకుంది. పొద్దున్నుంచీ మొదటిసారి గడప దాటి బయటికి వచ్చింది. అంటు మరిచిపోయి కూతురి చెంప మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. మూడేళ్లుగా ఏ చేతి కోసం ప్రాజక్త మొహం వాచిపోయిందో ఆ చెయ్యే.

"నమ్మిన బిడ్డా," అంది. "నిన్నే నమ్మిన."

చెయ్యి తీసేసింది. మెట్ల మొదట్లో నిలబడి, కిందికి వంగి కేకేసింది.

"అస్తున్నది అల్లుడా. ఇగో, దిగుతున్నది."